సగం చాలా, మొత్తం కావాలా?

“ఎటూ కోస్తున్నారు కదా డాక్టర్ గారూ, ఒకేసారి మొత్తం మార్చేయండి. మళ్ళీ ఈ బాధ పడలేను.” మోకాళ్ళు అరిగి నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది అనే మాట ఇది. పక్కనున్న కొడుకూ కోడలూ తలూపుతారు. పాక్షిక మోకీలు మార్పిడి అనగానే, పని సగంలో వదిలేస్తానేమోనని వాళ్ళ అనుమానం.

నేను ముందు “నొప్పి ఎక్కడమ్మా?” అని అడిగి చేతి వైపు చూస్తాను. కొందరు మోకాలి లోపలి పక్కన సరిగ్గా ఒకేచోట వేలు పెడతారు. కొందరు అరచేత్తో మోకాలంతా రుద్ది చూపిస్తారు. వేలు పెట్టినంత మాత్రాన తేలిపోదు గానీ, ఆలోచన అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మోకాలికి మూడు గదులు: లోపలి పక్క, బయటి పక్క, చిప్ప వెనక. మనవాళ్ళకు ఎక్కువగా లోపలి పక్కే ముందు అరుగుతుంది. దొడ్డికాళ్ళు వచ్చేది అందుకే. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో అక్కడ ఎముకకు ఎముక ఆనాలి, బయటి పక్క సందు నిండుగా ఉండాలి, మధ్యనుండే ఏసీఎల్ లిగమెంటు గట్టిగా ఉండాలి. అన్నీ కుదిరితే పాడైన పక్కన మాత్రమే లోహం, ప్లాస్టిక్ అమర్చి మిగతాది ముట్టుకోకుండా ఉండొచ్చు. మొత్తం మార్పిడిలో సాధారణంగా ఏసీఎల్‌ను తీసేస్తాం. కోసి చూశాక అది తెగి ఉంటే మొత్తం మార్పిడికే వెళ్తానని ముందే చెప్పి, ఆ సామాను కూడా సిద్ధంగా పెట్టుకుంటాను.

పాక్షిక మార్పిడిలో కాలి ఎముక పైనుంచి ఒక పల్చటి ముక్క తీస్తాం. దాన్ని ట్రేలో వేసేముందు తిప్పి చూడటం నాకు అలవాటు. ముందువైపు గుజ్జు పూర్తిగా పోయి ఎముక నున్నగా మెరుస్తూ ఉంటుంది. వెనకవైపు తెల్లటి పొర చెక్కుచెదరదు. ఏసీఎల్ పనిచేస్తోందనడానికి అది గుర్తు. ఏసీఎల్ తెగితే అరుగుదల వెనక్కి పాకుతుంది.

బ్రిటన్‌లో 528 మందిని రెండు జట్లుగా చేసి ఐదేళ్ళపాటు గమనించిన టాప్‌క్యాట్ పరిశోధన 2019లో లాన్సెట్‌లో వచ్చింది. నొప్పి, నడక విషయంలో రెండు పద్ధతులూ దాదాపు సమానమే. ఖర్చు మాత్రం పాక్షిక మార్పిడికే తక్కువ. అదే ఏడాది అదే పత్రికలో మరో లెక్క వచ్చింది: మొత్తం మార్పిడి చేసిన కీళ్ళలో నూటికి 82, పాక్షికంలో 70 దాదాపు 25 ఏళ్ళు నిలుస్తాయని.

ఆ 70 చూసి బెదరక్కర్లేదు. న్యూజిలాండ్ కీళ్ళ మార్పిడి రిజిస్ట్రీలో ఫలితం బాగా దెబ్బతిన్న మోకాళ్ళను చూస్తే, మొత్తం మార్చిన వాటిలో నూటికి 12 మాత్రమే తిరిగి ఆపరేషన్‌కు వెళ్ళాయి, పాక్షికంలో 63 వెళ్ళాయి. బాధ ఒకటే. పాక్షికాన్ని మొత్తంగా మార్చడం కాస్త తేలిక గనుక సర్జన్ త్వరగా సరేనంటాడు. అలాగని తేడా అంతా దానివల్లేనని నేననను. ఎప్పుడో ఒకటి చేసే సర్జన్ చేతిలో పాక్షిక కీలు త్వరగా చెడుతుంది. తాను చేసే మోకాళ్ళలో ఐదింట ఒకటైనా పాక్షికంగా చేసేవారికి ఫలితాలు మెరుగ్గా ఉంటున్నాయి.

మన దగ్గర చాలామంది రెండు మోకాళ్ళూ వంగి, ఏసీఎల్ పోయాక గానీ రారు. వాళ్ళకు మొత్తం మార్పిడే సరైనది, అందులో అనుమానం లేదు.

మిగిలినవాళ్ళు సర్జన్‌ను ఒక్క ప్రశ్న అడగండి: “మీరు చేసే వంద మోకాళ్ళలో పాక్షికం ఎన్ని?” ఒకటో రెండో అంటే, ఆయన చేత మొత్తం మార్పిడే చేయించుకోండి, లేదా రెండూ చేసే అలవాటున్నవారిని వెతుక్కోండి. అందరికీ పాక్షికమే అంటే, ఇంకొకరికి ఎక్స్‌రే చూపించండి.