పూత కింది పని

98 శాతం గాఢత గల సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను మామూలు ఉక్కు ట్యాంకులోనే నిల్వ చేస్తారంటే కొత్తవాళ్లు నమ్మరు. యాసిడ్ తగలగానే ఉక్కు మీద ఐరన్ సల్ఫేట్ పొర కడుతుంది. ఆ పొరే ట్యాంకును కాస్తుంది. అందులో నీళ్లు కలిశాయా, పొర కరిగిపోయి ఉక్కు పోతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి ఆపాటి మొహమాటం కూడా లేదు. అందుకే దాని ట్యాంకుల్లో లోపల రబ్బరు షీటు అతికిస్తారు.

ఏ రబ్బరు, ఎంత మందం, ఏ కంపెనీ అని అందరూ అడుగుతారు. కింద ఉక్కును ఎలా శుభ్రం చేశారని అడిగే యజమాని నాకు అరుదుగా తగిలాడు. తెనాలి వీధుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసినవాళ్లకు ఇది బాగా తెలుసు. గిన్నెలో ఇసుక వేసి, లోపల నిలబడి, పాదాలతో గిరగిరా తిరుగుతూ తోమేవారు. తర్వాత కాచి, నవాసాగరం చల్లి, అప్పుడు తగరం రాసేవారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, రాయడం క్షణాల పని. తోమడానికే పొద్దుపోయేది. చిలుము మిగిలిన చోట తగరం అంటుకోదు, అక్కడే పులుసు కిలుమెక్కుతుంది.

ట్యాంకుకూ అంతే. గ్రిట్ బ్లాస్టింగ్‌తో తుప్పంతా రాల్చి, ఉక్కు తెల్లగా, గరుకుగా తేలాక ప్రైమర్ వేయాలి. మన వైపు చిక్కేమిటంటే గాలి. సూర్యలంక నుంచీ నిజాంపట్నం నుంచీ వచ్చే ఉప్పుగాలి బాపట్ల, రేపల్లెల్లో ఏ ఇనుమునూ వదలదు. బ్లాస్టింగ్ చేసిన ఉక్కు గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. పైకి కనపడని ఉప్పు మిగిలిపోతే అది పూత గుండా తేమను లాగుతుంది. కొన్నాళ్లకు బొబ్బలు తేలతాయి. ఉక్కు వేడిమి మంచు బిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుంటేనే పూత వేయాలన్నది ఈ పనిలో పాత నియమం. డిసెంబరు ఉదయం రేపల్లెలో ట్యాంకు రేకు తడి తడిగా ఉంటుంది. అప్పుడే పని మొదలెట్టే కాంట్రాక్టరు తొందరలో ఉన్నాడనుకోండి.

సూది మొనంత రంధ్రం చాలు. దాంట్లోంచి యాసిడ్ దిగి, రబ్బరు వెనక ఉక్కును తింటూ హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. లైనింగు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును చూడకుండా పైనుంచి వెల్డింగు పెడితే అంటుకుంటుంది.

ఇక ట్యాంకు లోపలికి దిగే మనుషుల మాట. రబ్బరు అతికించే జిగురులోని ద్రావకాల ఆవిరి కిందనే పేరుకుంటుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే విషవాయువులుండే ట్యాంకులోకి మనిషి దిగే ముందు ఏమేం చేయాలో ఉండేది. 36-ఏ ప్రకారం లోపల వాడే చేతిదీపం 24 వోల్టులు దాటకూడదని ఉండేది. మన ఊళ్లలో మామూలు వైరుకు బల్బు కట్టి దింపడం ఇప్పటికీ చూస్తున్నాను. చట్టం పాతది కావచ్చు, ఊపిరితిత్తులు మారలేదు.

పని పూర్తయ్యాక స్పార్క్ టెస్ట్ చేస్తారు. వేల వోల్టుల బ్రష్షును లైనింగు మీద నడిపితే, రంధ్రం ఉన్న చోట చిటుక్కున నిప్పురవ్వ ఉక్కుకు దూకుతుంది. ఫ్యాక్టరీలు నడిపేవారికి ఒక్క మాట. ఆఖరి బిల్లు చెల్లించే ముందు ఆ పరీక్షను మీ కళ్లతో చూడండి, బ్లాస్టింగ్ అయిన రోజే ఒకసారి ట్యాంకు దగ్గరికి వెళ్లండి.