గుండమ్మ ఇల్లు మన జిల్లాదే

అగ్రనటులు ఇద్దరుండగా సినిమాకు గయ్యాళి అత్త పేరు పెట్టడం ఎంత సాహసం! అందులో రామారావు చేత నిక్కరు తొడిగించి, అదే అత్త ఇంట్లో పనివాడిగా నిలబెట్టడం ఇంకెంత సాహసం! 1962 జూన్ 7న విడుదలైన ‘గుండమ్మ కథ’ ఆ రెండూ చేసింది.

కథ విఠలాచార్య కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ది. ఇటలీలోని పాదువా ఊళ్లో షేక్‌స్పియర్ నడిపిన పొగరుబోతు పిల్ల కథను నిర్మాత చక్రపాణి దానికి జతచేశారంటారు. అయితేనేం, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు మన బందరు మనిషి, కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలతో పేరు తెచ్చుకున్నవాడు. హీరోల్లో రామారావుది నిమ్మకూరు, నాగేశ్వరరావుది రామాపురం, పాటలకు బాణీలు కట్టిన ఘంటసాలది చౌటపల్లి. మూడూ గుడివాడ చుట్టుపక్కల ఊళ్లే. అందుకే ఇది మన కృష్ణా జిల్లా సినిమా అని నేను గట్టిగానే అంటాను.

ఇక పనితనం చూడండి. పొసగని మనుషుల్ని ఒక కప్పు కింద పెట్టి నవ్వించాలంటే ఎవరి పంతం వాళ్లకు న్యాయంగానే కనబడాలి. గుండమ్మగా సూర్యకాంతం సవతి కూతుర్ని పనిమనిషిని చేస్తుంది, సొంత కూతుర్ని నెత్తిన పెట్టుకుంటుంది. అయినా ఆవిడ నోట పేజీలకొద్దీ తిట్లు లేవు. ఎడమచెయ్యి అలా ఊపి, మూతి తిప్పితే చాలు, డి.వి.నరసరాజు మాట సగంలోనే పేలుతుంది. తీరా ఛాయాదేవి ఇంట్లో దిగి పెత్తనం లాక్కున్నాక ఆ మొహం వాడిపోవడం చూడండి. అంతదాకా తిట్టుకున్న మనమే అయ్యో పాపం అంటాం. అంత నటన మళ్లీ ఎవరివల్లా కాలేదు.

రుబ్బురోలు దగ్గర పాట నాకు ప్రాణం. రామారావు పొత్రం తిప్పుతూ పాడుతుంటే సవతి కూతురు సావిత్రి మొహంలో భయం కరిగి నవ్వు విచ్చుకుంటుంది. ప్రేమిస్తున్నానని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఇంటిచాకిరీలోనే ప్రేమ పుడుతుంది, హాస్యమూ పుడుతుంది. రమణారెడ్డి గంటయ్య కూడా మధ్యలో వచ్చి నవ్వించిపోయే బాపతు కాదు. అతని పుల్లలు లేకపోతే కథే కదలదు.

ఇప్పటి సీరియళ్లలో అత్తలకు వంటింట్లో పట్టుచీర, పాలల్లో విషం, మొహం మీదికి మూడుసార్లు దూకే కెమెరా! అది గయ్యాళితనమా? పగ తప్ప మనిషి ఏదీ? సినిమాల్లో చెంపదెబ్బల కామెడీని కుటుంబకథలో కుక్కి, కుటుంబ సమేతంగా చూడండని ప్రకటనలిస్తున్నారు. కుటుంబకథ అన్న ఆ పాత పేరు చెప్పుకుని ఈ చవకసరుకు అమ్ముతుంటే కడుపు మండిపోతుంది.

అసలు సరుకేదో ఇప్పటివాళ్లు చూడాలి. గుడివాడలో నాగేశ్వరరావు పేరునే కాలేజీ ఉంది. అక్కడి పెద్దలకు నా మనవి ఒక్కటే. ఏటా జూన్ 7న గుడివాడలో, బందరులో, అవనిగడ్డలో ఈ సినిమాను పెద్ద తెర మీద వేయించండి. బందరులో వేసేటప్పుడు కామేశ్వరరావు పేరు పోస్టరు మీద హీరోల పేర్లంత పెద్దగా రాయించండి.