చెట్టు మీదే పులిసే పానీయం

కోనసీమలో కల్లుకు రెండు చెట్లున్నాయి: తాడి, కొబ్బరి. మూడోదైన ఈత తెలంగాణలో ఎక్కువ; గోదావరి లంకల్లో దాని పేరు పెద్దగా వినిపించదు. కొబ్బరిని ఇక్కడ కాయ కోసం పెంచుతారు. పొత్తును కల్లుకు గీస్తే ఆ పొత్తు ఇక కాయనివ్వదు. అంబాజీపేట మార్కెట్లో కాయకు మంచి ధర పలుకుతున్న ఏడాది చెట్టును గీతకు ఇవ్వడానికి ఏ రైతుకూ మనసొప్పదు. అందుకే కల్లు భారం తాడి మీద పడుతుంది. పొలంగట్ల మీద, కాలువల వెంట ఎవరూ నీరు పెట్టకుండానే అది పెరుగుతుంది. పూతకు రావడానికి 12 నుంచి 15 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పోతుతాడో పెంటితాడో అప్పటిదాకా తెలియదు. తెలిశాక రెండూ పనికొస్తాయి: పోతుతాడులో వేళ్లలా సాగే పూగుత్తులను గీస్తారు, పెంటితాడులో లేత గెలను గీస్తారు.

పనితనమంతా ఈ గీతలోనే ఉంది. కొబ్బరి పొత్తు విచ్చుకోక ముందే దాన్ని తాడుతో బిగించి కట్టి, చిన్న కొయ్యతో రోజూ మెల్లగా తట్టాలి. గట్టిగా కొడితే లోపలి పూలు నలిగి కుళ్లుతాయి. అసలు తట్టకపోతే రసం దిగదు. కొన్నాళ్లకు కొన కోసి చూస్తే తడి కనిపిస్తుంది. అప్పటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి పలచటి చెక్కు తీయాలి. ఒక పూట మానేస్తే గాయం ఎండి ధార ఆగిపోతుంది. మందంగా కోస్తే పొత్తు తొందరగా అయిపోయి, ఇంకా వారాల పాటు ఇవ్వాల్సిన చెట్టు ముందే చాలిస్తుంది. తాడి 20 మీటర్లు దాటి ఎదుగుతుంది. నడుముకు మోకు, కాళ్లకు బంధం, మొలకు గీతకత్తి, కుండ. ఈ సరంజామాతో వేసవిలో గీత కార్మికుడు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగే చెట్లు పదుల్లో ఉంటాయి. శెట్టిబలిజలు, గౌడలు తరతరాలుగా చేస్తున్న ఈ పనిలో చెట్టు మీంచి పడి నడుము విరిగినవాళ్లు లేని ఊరు అరుదు. కల్లు రుచి గురించి మాట్లాడేవాళ్లు ఈ ఎత్తు గురించి అంతగా మాట్లాడరు.

రసం దిగాక మనిషి చేసేది దాదాపు ఏమీ లేదు. బీరుతో పోల్చి చూస్తే ఇది తెలుస్తుంది. బార్లీ గింజలో ఉండేది పిండి. ఈస్ట్ దాన్ని నేరుగా తినలేదు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నూరి, దాదాపు 65 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచితే పిండి చక్కెర అవుతుంది. తర్వాత హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలపాలి. తాటిరసంలో, కొబ్బరిరసంలో చక్కెర సిద్ధంగా ఉంటుంది. నూటికి పది నుంచి పదిహేను వంతుల దాకా, అదీ చాలావరకు మనం ఇంట్లో వాడే చక్కెర రకమే. పొయ్యి అక్కర్లేదు. మట్టికుండ రంధ్రాల్లో నిన్నటి ఈస్ట్ మిగిలే ఉంటుంది, గాల్లోంచీ తేనెటీగల కాళ్ల మీంచీ ఇంకొంత వస్తుంది. తేటగా దిగిన రసం కుండలో నిండుతూనే తెల్లబడుతుంది; ఆ తెలుపు చాలావరకు లక్షోపలక్షల సూక్ష్మజీవులదే.

వాటిలో ఒకదాని కథ చెప్పుకోదగ్గది. జైమోమోనాస్ అనే బాక్టీరియాను 20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఆపిల్ మద్యం చెడగొట్టే తెగులుగా గుర్తించారు. చక్కెర కలిపి పీపాల్లో నింపిన బీరులో చేరినా అది కుళ్లిన గుడ్డు వాసన తెప్పిస్తుంది. మెక్సికోలో కిత్తలి జాతి మొక్క రసంతో చేసే పుల్కేలోనూ, మన కల్లులోనూ అదే జీవి ఈస్ట్ పక్కన నిలబడి చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఒకచోట తెగులు, మరోచోట పనివాడు. లాక్టిక్ బాక్టీరియా పులుపునూ కాస్త జిగురునూ ఇస్తుంది. చివర్లో వచ్చే అసిటిక్ బాక్టీరియా ఆల్కహాల్‌ను వినిగర్‌గా మార్చడం మొదలుపెడుతుంది. ఎవరూ ఆపకపోతే ఈ వరస ఆగదు.

కాబట్టి కల్లుకు రుచి అంటే వేళ. రాత్రంతా చల్లగాలిలో నిండి తెల్లవారగానే దిగిన కుండ తియ్యగా, నాలుక మీద సన్నగా చిమచిమలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది. ఆల్కహాల్ నూటికి నాలుగైదు వంతులకు చేరుతుంది, అంటే మామూలు బీరుకు దగ్గర. ఎండలో నిండిన సాయంత్రం కుండ దిగేటప్పటికే పులిసి ఉంటుంది. మర్నాటికి ముక్కు చెప్పేస్తుంది. వేసవిలో ఈ గడువులన్నీ ఇంకా కుదించుకుపోతాయి.

బీరును ఈ పరుగు నుంచి తప్పించింది హాప్స్. మరిగినప్పుడు వాటి చేదు పదార్థాలు నీటిలో కరిగి, పులుపు తెచ్చే లాక్టిక్ బాక్టీరియాను అణచిపెడతాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి లండనులో, ఆ తర్వాత బర్టన్‌లో కాచిన పేల్ ఏల్ హాప్స్ దండిగా వేసుకుని, ఆఫ్రికా చుట్టి నెలల తరబడి సముద్రం మీద వచ్చి మద్రాసు రేవులో తాగడానికి పనికొచ్చేది. అదే కాలంలో రాజోలులో దిగిన కల్లు రాజమండ్రి చేరేలోగా పులిసేది. పడవ ఎంత తొందరగా నడిచినా ఆ తేడా పూడేది కాదు.

ఔత్సాహికుల బీరు పోటీలు నిలబడింది ఈ నిలవ మీదే. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంట్లో బీరు కాచుకోవడం చట్టబద్ధమైంది. ఈనాటి పోటీల్లో ఎక్కువగా వాడే కొలత 50 మార్కులది: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగే అభిప్రాయానికి 10. అమెరికన్ పేల్ ఏల్ అయితే చేదు 30 నుంచి 50 ప్రమాణాల మధ్య, ఆల్కహాల్ నూటికి 4.5 నుంచి 6.2 వంతుల దాకా ఉండాలని రాసిపెట్టారు. ఒకరు సుమారు 20 లీటర్లు కాచి, రెండు మూడు సీసాలు పంపితే ఎక్కడో కూర్చున్న న్యాయనిర్ణేతలు పేరు చూడకుండా తాగి మార్కులు వేస్తారు. విచిత్రమేమంటే, బీర్లలో కల్లుకు తాజాదనం విషయంలో దగ్గరగా వచ్చేది ఈ హాప్స్ ఏలే. చేదు నిలుస్తుంది గానీ, చివర్లో వేసిన హాప్స్ పూల నారింజ, మామిడి వాసనలు గాలి తగిలితే కొన్ని వారాల్లో వాడిపోతాయి. ఆరితేరినవాళ్లు పోటీ రోజు నుంచి వెనక్కి లెక్కగట్టి పొయ్యి వెలిగిస్తారు.

ఆంధ్రలో ఆ వేడుకకు తావు లేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కల్లు సంగతి వేరు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద సర్కారు గీసే చెట్లను లెక్కబెట్టి చెట్టుకింత పన్ను వేసింది. 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద గీత సహకార సంఘాలకూ, విడిగా గీత కార్మికుడికీ చెట్ల లైసెన్సులు ఇచ్చే పద్ధతి వచ్చింది. కార్మికుడే గీసి కార్మికుడే అమ్ముకునే ఈ రెండో ఏర్పాటు, తాగేవాడి వైపు నుంచి చూసినా మెరుగైనది. చెట్టుకూ ముంతకూ మధ్య చేతులు పెరిగిన చోటే నీళ్లు, సాకరిన్, క్లోరల్ హైడ్రేట్, నిద్రమాత్రల మందులు వచ్చి చేరాయి. తెలంగాణ పట్టణాల కల్లు దుకాణాల చరిత్ర ఇందుకు సాక్ష్యం.

రసాన్ని పులియకుండా ఆపడానికి పాత ఉపాయం సున్నం. కుండ లోపల పూస్తే సూక్ష్మజీవులు నెమ్మదిస్తాయి. ఆ తియ్యటి రసాన్ని కాచి తాటిబెల్లం చేస్తారు. కొత్త ఉపాయం చలువ. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కుండకు బదులు మంచు నింపిన పెట్టెను కొబ్బరి పొత్తుకు తగిలించి, అలా దిగిన రసానికి ‘కల్పరస’ అని పేరు పెట్టింది. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి నీరా, అంటే పులియని తాటిరసం, మీద పనిచేస్తోంది. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. ఇవన్నీ నిలబెట్టేది నీరానే, కల్లును కాదు. కల్లును సీసాకెత్తాలంటే వేడిచేసి ఈస్టును చంపాలి. శ్రీలంకలో సీసా కల్లు అమ్ముతారు కూడా. అయితే వేడి తగిలాక తెల్లవారుజామున దిగిన కుండలోని చిమచిమ, పచ్చి వాసన అందులో ఉండవు. ఆ రెండూ కావాలనుకున్నవాడు ఇప్పటికీ చెట్టు దగ్గరికే, అదీ ఎండెక్కక ముందే వెళ్లాలి.