మొదట వచ్చిన మాట

వట్లూరు స్టేషనులో ఆగు రైళ్ళకంటె ఆగకపోవు రైళ్ళే ఎక్కువ. సాయంకాలము మా ఇంటి అరుగుమీద కూర్చుండి, దూరమున సాగిపోవు ఆ రైళ్ళ చప్పుడు వినుచు, ఎదుట పడకకుర్చీలోనున్న మా అన్నగారి నోట ఏ మాట వచ్చునా యని కనిపెట్టుకొని, వచ్చినదానిని వచ్చినట్లే ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుట రెండేండ్లుగా నాకు నిత్యకృత్యమైనది. ముప్పదియేండ్లు బడిపిల్లలకు తెలుగు వ్యాకరణము బోధించి, పదమనగా ప్రకృతిప్రత్యయముల కూడికయని చెప్పి, అంతకుమించి దానిని గూర్చి తెలిసికొనవలసినదేమియు లేదను ధీమాతో పింఛను పుచ్చుకొనుచున్న నాచేత, ఆ పుస్తకమే మరల ఓనమాలు దిద్దించినది.

అన్నగారు ఏలూరిలో తివాచీలు నేయువారికి ఉన్ని, నూలు అమ్మి సంసారమీదినవారు. ఇంట తెలుగు, మగ్గముల చెంత ఉర్దూ. రెండును వారికి రెండు చేతులవంటివి. ఒకనాటి అర్ధరాత్రి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. వానితోపాటు మాటయు పోయినది. ఈ రెండును కలిసి పోవుట కాకతాళీయము కాదు. దేహపు కుడిభాగమును నడుపునది మెదడు ఎడమభాగము. కుడిచేతివాటము గలవారిలో నూటికి తొంబదిమందికి పైగా భాషకు ప్రధానస్థానమును అదియే. పరామర్శకు వచ్చిన పెద్దమనిషి యొకడు ఆయన ఎదుటనే, "పాపం, మతి కూడా పోయినట్టుందండీ" అనెను. అన్నగారి కంట నీరు తిరిగినది. మతి పోయినవానికి ఆ మాట ఏల తగులును?

కొల్లేటి చెంత పుట్టిన మావంటివారు ఈ స్థితికి ఉపమానము వెదకుకొననక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులును, లెక్కకు మిక్కిలి డ్రెయినులును వచ్చి చేరు ఆ సరస్సునుండి సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటే. ఆ దారి పూడి, గుర్రపుడెక్క అల్లుకొన్న యేట నీరు లంకలవారి గడపలు దాటి లోనికి వచ్చును. అన్నగారిలో భావము నిండుగానే యున్నది, ఉప్పుటేరు పూడినది.

ఈ పూడిక మెదడులో ఎచ్చట పడునో తొలుత స్పష్టముగా చూపిన కీర్తి పాల్ బ్రోకా అను ఫ్రెంచి శస్త్రవైద్యునిది. పారిసు చెంత బిసేత్ర ఆసుపత్రిలో ఇరువదియొక్క యేండ్లుగానున్న లెబోర్న్ అను రోగి, ఎవరేమడిగినను "టాన్, టాన్" అని మాత్రమే బదులు చెప్పెడివాడు. 1861 ఏప్రిల్‌లో అతడు మరణింపగా బ్రోకా అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగమున చెడినచోటును కనుగొనెను. 1874లో, ఇరువదియారేండ్ల జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికె, ఇందుకు విపర్యయమైన వ్యాధిని వర్ణించెను: ఎడమ కణత వెనుకభాగము చెడినవారు మాటలను ధారాళముగా దొర్లింతురు గాని, వానిలో అర్థము నిలువదు, ఎదుటివారి మాటయు వారికి బోధపడదు. అట్లని మెదడును రెండుగదుల యిల్లుగా భావించుట పొరపాటు. భద్రపరచియుంచిన లెబోర్న్ మెదడునకు ఎం.ఆర్.ఐ. తీసి, 2007లో ఫలితము ప్రకటించినవారు, చెరుపు పైపొరతో ఆగక లోపలి నరపుదారులవరకు పోయినదని తేల్చిరి. భాష ఒకచోట కాపురముండునది కాదు. పెక్కు దారులు కలిసిననే నడచునది. వాక్కునకు పశ్యంతి, మధ్యమ, వైఖరి యని మూడవస్థలు చెప్పిన భర్తృహరి వాక్యపదీయమును నేనొకప్పుడు పరీక్షకొరకు చదివితిని. వైఖరి పోయినను పశ్యంతి నిలుచునని కన్నులార చూచినది మాత్రము మా అరుగుమీదనే.

ఇక నా పుస్తకములోని మొదటి పుట. మూడవ వారమున వదినగారు గ్లాసు చూపి, "ఏం కావాలండీ? చెప్పండి, నీ... నీ..." అని అక్షరమందించుచుండగా, అన్నగారి పెదవులు చాలసేపు తడుముకొని, తడుముకొని, "పానీ" అని పలికినవి. ఇల్లంతయు సంతోషించినది గాని, నిజము చెప్పవలయునన్న, తెలుగు పంతులనైన నాకు మనసులో చిన్న ముల్లు గ్రుచ్చుకొన్నది. తల్లియొడిలో నేర్చిన "నీళ్ళు" ఏమైనట్లు? ఈ ప్రశ్న నాకంటె ముందే ఫ్రాన్సులో ఇరువురిని వేధించినది. తొలుత నేర్చిన భాషయే తొలుత తిరిగివచ్చునని రిబో అనెను. కాదు, వ్యాధికి ముందు అధికముగా వాడుకలోనున్నదే ముందు వచ్చునని 1895లో పీత్ర అనెను. తరువాతివారు పెక్కుమంది రోగులను చూచి, ఈ రెండు సూత్రములలో ఏదియు అందరికి చెల్లదనిరి. మా అన్నగారు మాత్రము పీత్ర పక్షము వహించిరి. నలుబదియేండ్లు మగ్గముల చెంత ఎండవేళ అడిగి త్రాగినది "పానీ"యే గదా! "నీళ్ళు" మరి తొమ్మిదిదినములకు వచ్చినది. భాష జన్మహక్కు అని బడిలో చెప్పుచుండెడివాడను. అది అనుదినము దున్నుకొనవలసిన పొలమని ఆ తొమ్మిదిదినములలో తెలిసికొంటిని.

రెండు భాషలుండుట మెదడునకు బరువా, బలమా? దీనికి ప్రపంచము చెవియొగ్గిన సమాధానము మన హైదరాబాదునుండియే వెడలినది. నాడు నిమ్స్ ఆసుపత్రి నాడీవైద్యురాలైన సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదేమనగా, ఒకే భాష వచ్చినవారికంటె రెండు భాషలు మాటలాడువారికి ఆ మతిమరపు వ్యాధి నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా వచ్చినది. అక్షరము రానివారిలోను ఈ తేడా కనబడినది గనుక దీనిని చదువు మహిమయని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మూడవ భాషవలన అదనపు లాభమును కానరాలేదు. అన్యదేశములలో ద్విభాషులు తరచుగా వలసవచ్చినవారగుటచే, ఫలితము భాషదో వలసదో తేల్చుట కష్టము. తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో తరతరములుగా వినబడు నగరమున ఆ చిక్కు తక్కువ. 2016లో వీరే 608 మంది పక్షవాత రోగుల లెక్క తీయగా, బుద్ధిశక్తి చెక్కుచెదరక నిలిచినవారు ద్విభాషులలో నూటికి 40.5, ఏకభాషులలో 19.6. అయితే మాట పోవుట మాత్రము ఉభయులలోను ఇంచుమించు సమానమే. రెండవ భాష నాలుకను కాపాడలేదు. నాలుకవెనుక నున్న బుద్ధిని కాపాడినది. ఒక భాషను పలుకునపుడెల్ల రెండవదానిని ఆపి ఉంచవలసిన నిరంతర సాధన మెదడునకు ఈ బలమిచ్చుచున్నదని వారి ఊహ. మా అన్నగారు కాగితముమీద ఎడమచేతితో బాకీల లెక్క తప్పులేకుండ వేసి చూపినప్పుడు, నేనా ఊహను నమ్మితిని.

ఈ సంగతులేవియు ఎరుగనట్లు, ఒక ఆసుపత్రిలో ఆయనకు బొమ్మలు చూపి పేర్లు చెప్పుమనిరి. వానిలో ఆయన జన్మలో చూడని విదేశపు వాద్యమొకటి. చెప్పలేదని గుర్తు తగ్గించిరి. ఉర్దూలో నెవరును అడుగనే లేదు. ఇంటికి వచ్చి నేనే బొమ్మలు గీసితిని: తాటిదోనె, కొరమేను, పడుగు, పేక మొదలైనవి. పదింట ఆరు చెప్పిరి; అందు రెండు ఉర్దూలో. మరియొక వింత: గజేంద్రమోక్షములోని పద్యము నేనెత్తుకొన్నచో నాతోపాటు రాగము తప్పక చివరివరకు వచ్చును, ఆ పద్యములోని మాటనే విడదీసి పలుకుమన్నచో పలుకదు. కంఠస్థమైన పద్యమునకు, అంకెల వరుసకు, ప్రార్థనకు, తిట్టునకు మెదడులో దారులు కొంత వేరు. రాగమునందు కుడిభాగమునకును చేయి కలదు. దీని నాధారము చేసికొని అమెరికాలో 1973లోనే ఒక పాటచికిత్సను కూర్చిరి. పద్యమును రాగముతోనే నేర్చు తెలుగువారికి ఆ మందు పెరటిలోనే యున్నది.

మాట పోయినవారి మాటను మీరు పూరింపకుడు. వారికి వచ్చిన అన్ని భాషలలోను అడిగి, వచ్చువరకు వేచియుండుడు. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఇంట ఎవరికైనను హఠాత్తుగా మాట తడబడినచో, మూతి వంకరపోయినచో, చేయి వాలిపోయినచో, ఆ క్షణముననే బయలుదేరుడు: నెత్తురుగడ్డను కరిగించు మందునకు సాధారణముగా నున్న గడువు నాలుగున్నర గంటలు. మేము తెల్లవారువరకు ఆగితిమి.