చలి ఎడారి చిట్టా

అంటార్కిటికాలోని మెక్‌మర్డో పొడి లోయల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. కురిసే కాస్త మంచు కూడా చాలావరకు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. హిమానీనదాల అంచులు కరిగి వేసవిలో కొన్ని వారాలు పారే సన్నటి ఏళ్లే అక్కడి ప్రాణులకు ఆధారం. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో 1993 నుంచి టేలర్ లోయలో ఈ ఏళ్లనూ సరస్సులనూ మట్టినీ ఏటా కొలుస్తున్నారు.

ఈ కొలతలకు ఆద్యుడు ఒకరకంగా బ్రిటిష్ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్. 1903 డిసెంబరులో లోయలోకి దిగిన ఆయన బృందానికి నాచు కూడా కనబడలేదు. అయినా అక్కడి బానీ సరస్సు రెండు పాయలను కలిపే ఇరుకు వెడల్పును కొలిచి రాసుకున్నారు: సుమారు 17 అడుగులు. ఆ ఇరుకు తర్వాత ఎన్నో రెట్లు వెడల్పైంది. వందేళ్లలో సరస్సు ఎంత పెరిగిందో చెప్పడానికి ఆ అంకే మొదటి ఆధారమైంది. కొలిచిన మనిషికి అది ఎందుకు పనికొస్తుందో తెలియనక్కర్లేదు, ఎక్కడ కొలిచాడో రాసిపెడితే చాలు.

ప్రాణం లేదనుకున్న ఆ మట్టిలో స్కాట్‌నెమా అనే నెమటోడ్ ఉంది. కంటికి ఆనని ఈ పురుగు తడి లేనప్పుడు చుట్టచుట్టుకుని ఎండిపోతుంది, తడి తగిలితే మళ్లీ కదులుతుంది. పై పది సెంటీమీటర్ల మట్టి తీసి, పురుగులను చక్కెర నీళ్లలో తేల్చి, మైక్రోస్కోపు కింద బతికినవెన్నో చచ్చినవెన్నో లెక్కిస్తారు. ఏటా అదే పని. సైన్సులో ఇంతకంటే గౌరవించదగ్గ పనులు తక్కువ.

2002 జనవరిలో నేచర్ పత్రికలో ఈ లెక్కలు ఉష్ణోగ్రత రికార్డులతో కలిసి వచ్చాయి. 1986 నుంచి 2000 దాకా లోయ దశాబ్దానికి 0.7 డిగ్రీల చొప్పున చల్లబడిందనీ, మట్టిలోని ప్రాణులు ఏటా 10 శాతానికి పైగా తగ్గాయనీ తేలింది. సరిగ్గా ఆ వేసవిలోనే హిమానీనదాలు విపరీతంగా కరిగి ఏళ్లు పొంగాయి. దశాబ్దానికి పైగా దిగుతూ వచ్చిన సరస్సుల మట్టం ఒక్క సీజన్‌లో ఎక్కేసింది.

దీర్ఘకాల పరిశీలన నెమ్మదిగా సాగే మార్పును పట్టుకోవడానికేనని అంటుంటారు. ఈ లోయలో దాని అసలు ప్రయోజనం వేరే చోట కనిపించింది. ఒక్క వేసవి ఏళ్ల తరబడి సాగిన ధోరణిని తిరగేసింది. అది మామూలు వేసవి కాదని తెలిసింది వెనకున్న చిట్టా వల్లే. మట్టి జవాబు మాత్రం వెంటనే రాలేదు. తడిని ఇష్టపడే యూడొరైలైమస్ అనే మరో నెమటోడ్ ఆ తర్వాతి సీజన్లలో పెరిగింది, పొడి నేలకు అలవాటుపడ్డ స్కాట్‌నెమా తగ్గుతూనే పోయింది. వరద తీశాక కూడా అవే చోట్ల మట్టి తీశారు గనుకే ఈ సంగతి లెక్కకెక్కింది.