రక్తమును గూర్చి మన పాఠములు

మన బడి పుస్తకములలోను, ప్రజలకై వ్రాసిన చిన్న వైద్యపుస్తకములలోను రక్తమును గూర్చిన పాఠము తరచు ఒకే తీరున నడచును. పెద్దవారి ఒంటిలో రక్తము ఇంచుమించు 5 లీటర్లు. అందు సగమునకు మించి రసము, తక్కినవి కణములు. ఎర్రకణములు ఆమ్లజనిని మోయును, తెల్లకణములు సైనికులవలె పోరాడును, ఫలకికలు గాయమువద్ద నెత్తురును గడ్డకట్టించును. (ఆ సైనికుల పోలిక ఎంత అరిగిపోయినదో చెప్పనక్కరలేదు.) ఇందులో తప్పు లేదు. కాని ఇది సరకుల పట్టీ. వంట ఎట్లు జరుగునో దీనివలన తెలియదు.

ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణములు పుట్టుచున్నవి. ఒక్కొక్కటి 120 దినములు బ్రదికి, ముదిసి, ప్లీహములోను కాలేయములోను విచ్ఛిన్నమగును. వానిలోని ఇనుము వృథాపోదు. తిరిగి మూలుగకే చేరును. ఒంటినుండి దినమునకు పోవు ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఎక్కువైన ఇనుమును బయటికి పంపు దారి మన దేహమునకు లేదు. మన పాఠములలో సామాన్యముగా కనబడని వాక్యము ఇదే.

ఆ లోపము ఎంతటిదో తెలియవలెనన్న, ఆరాంఘర్ నుండి శంషాబాద్ పోవు దారికి చేరువనున్న శివరాంపల్లిని తలచుకొనవలెను. థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ వారి వైద్యశాల అచ్చట కలదు. తీవ్రమైన థలసీమియా ఉన్న బిడ్డకు రెండు మొదలు నాలుగు వారములకొకమారు రక్తము ఎక్కింపవలెను. ఎక్కించినది ఏల నిలువదని తల్లి అడిగినచో మన పాఠములో జవాబు లేదు. హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసులు రెండు, బీటా గొలుసులు రెండు ఉండును. బీటా గొలుసులు చాలనిచో మిగిలిన ఆల్ఫా గొలుసులు ముద్దకట్టి, కణమును మూలుగలోనే చంపును. ఎక్కించిన కణములా, వాని ఆయువు తీరగనే పోవును. వాని ఇనుము మాత్రము నిలిచిపోవును. ఒక్కొక్క సీసా రక్తముతో 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము లోనికి చేరి, గుండెను, కాలేయమును చెరచును. దానిని వెలికి తీయుటకు వేరే మందులు వాడవలెను. "ఒంట్లో రక్తం లేదు, ఇనుము టానిక్కు పట్టించండి" అను ఇరుగుపొరుగు సలహా ఈ బిడ్డకు కీడే.

ఈ లక్షణమును మోయుచు ఆరోగ్యముగా ఉండువారి సంగతి మరింత చిక్కు. వారి ఎర్రకణములు చిన్నవి. చూచుటకు ఇనుము కొరతవలెనే ఉండును. ఇనుము నిజముగా తగ్గినదా లేదా అని చూడకయే నెలల తరబడి మాత్రలు మ్రింగువారు కలరు. హిమోగ్లోబిన్ ఏ2 పరీక్షతో నిజము తేలును. తల్లిదండ్రులిద్దరును అట్టివారైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. పెండ్లికి ముందే తెలియవలసిన మాట ఇది.

రక్తహీనత అంతయు ఇనుము లోపమే కాదని చెప్పుటకు మన వాడే ఉన్నాడు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది చాలకున్నను రక్తము క్షీణించును.

ఇంకొక వెలితి. ఎర్రకణములు ఆమ్లజనిని "మోయును" అందురు గాని, విడిచిపెట్టుట మాట ఎత్తరు. ఊపిరితిత్తులలో పట్టి, కండరములలో విడుచుటయే హిమోగ్లోబిన్ గొప్ప. దీనికి ఉదాహరణ శంషాబాద్‌లోనే కలదు. 2008లో అచ్చట తెరచిన విమానాశ్రయమునుండి ఎగురు విమానములలో గాలి ఒత్తిడి సుమారు 1800 మొదలు 2400 మీటర్ల కొండమీది ఒత్తిడికి సమానము. ఆరోగ్యవంతునికి అది తెలియదు. రక్తహీనత తీవ్రముగా ఉన్నవారికి మోయు కణములే తక్కువ; సికిల్ సెల్ రోగికో, ఆమ్లజని తగ్గిన కొలది హిమోగ్లోబిన్ కడ్డీలుగా పేరుకొని కణమును కొడవలివలె వంచును. అట్టివారు విమానమెక్కుటకు ముందు వైద్యుని అడుగవలెను. ఈ సంగతులన్నియు చేర్చినను పాఠము రెండు పుటలకంటె పెరుగదు. సైనికులను తీసివేసినచో అంతయు పట్టదు.