ఆదివారం ఆటగాడి చిట్టా

జిల్లా పేజీలో తరచూ కనిపించే వార్త ఒకటుంది: 'పేకాట స్థావరంపై దాడి'. కింద నాలుగే వాక్యాలు. ఇంతమంది అదుపులోకి, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు స్వాధీనం, కేసు నమోదు. పట్టుబడినవాళ్లలో పేకాటనే బతుకుతెరువు చేసుకున్నవాడు అరుదు. కిరాణా వ్యాపారి, కాంట్రాక్టరు, ప్రైవేటు ఉద్యోగి, రిటైరైన గుమాస్తా... ప్రతివాడికీ తెల్లారితే వేరే పనుంది. తెలుగునాట పేక ఎప్పుడూ రెండో ఉద్యోగమే.

అలాంటి దాడుల్లో న్యాయవాదులంతా గుర్తుపెట్టుకున్నది ఒకటి సికింద్రాబాద్‌లోనే జరిగింది. 1963 మే నెలలో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులోకి పోలీసులు వెళ్లారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పందెం కట్టి రమ్మీ ఆడుతున్నారు. డబ్బు, టోకెన్లు దొరికాయి. నిజాం కాలంలో, ఫసలీ 1305లో వచ్చిన హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. ఆ శిక్ష నిలవదంటూ సెషన్స్ జడ్జి హైకోర్టుకు రాశారు, హైకోర్టు సరేనంది. ప్రభుత్వం ఊరుకోక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. ఆటగాళ్లే గెలిచారు.

ఆ తీర్పు చదివితే రాసినాయనకు పేక తెలుసనే అనిపిస్తుంది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదన్నారు. పడ్డ ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియాలి. పంచడంలో అదృష్టం ఉన్నమాట నిజమే, కలిపి పంచే ఏ ఆటలోనైనా అది ఉంటుంది, బ్రిడ్జిలోనూ ఉంటుంది. బిలియర్డ్స్‌కీ టెన్నిస్‌కీ క్లబ్బు రుసుము తీసుకున్నట్టే పేకకూ తీసుకోవచ్చు, మితిమీరనంతవరకు. అయితే పందేల మీద క్లబ్బు లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే మాత్రం నేరమే. ఈ చివరి మాటను తర్వాతివాళ్లు సౌకర్యంగా మరిచిపోయారు.

'స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ' అనే ఆ కేసు పేరు చెప్పుకోని రమ్మీ కంపెనీ, పోకర్ కంపెనీ దేశంలో ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. రమ్మీకి దొరికిన గొడుగు కింద పోకర్ కూడా నిలబడాలని చూసింది. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టంలోనే బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌నూ జూదం జాబితా నుంచి తప్పించింది. నాగాలాండ్ 2016లో నైపుణ్యపు ఆటల జాబితాలో చేర్చింది. గుజరాత్ హైకోర్టు మాత్రం 2017లో పోకర్ జూదమేనంది. కోజికోడ్ ఐఐఎంలో ఒక ఆచార్యుడు పోకర్‌నే పాఠంగా పెట్టి వ్యాపార వ్యూహం నేర్పారు. ఒకే ఆట ఒకచోట పాఠం, ఇంకోచోట నేరం.

కోర్టులు తేల్చవలసింది ఆటలో నైపుణ్యం ఉందా లేదా అని. పగలు ఆఫీసుకెళ్లి వారాంతంలో ముక్కలు పట్టేవాడు తేల్చుకోవలసింది వేరు: ఆ నైపుణ్యం తనకుందా? ఈ రెండో ప్రశ్నకు ఏ న్యాయమూర్తీ జవాబు చెప్పలేడు. ఆటగాడు తనకు తాను కూడా అంత తేలిగ్గా చెప్పుకోలేడు.

ముందు నైపుణ్యం అంటే ఏమిటో దగ్గర నుంచి చూడాలి. పోకర్‌లో ఎక్కువగా ఆడే రకంలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు. బల్ల మధ్య 900 రూపాయలున్నాయనుకుందాం. ఎదుటివాడు 300 వేశాడు. మనవాడి చేతిలో రెండు ఇస్పేట్లు, బల్ల మీద తెరిచిన నాలుగు ముక్కల్లో ఇంకో రెండు. అయిదోది కూడా ఇస్పేటు పడితే ఒకే గుర్తువి అయిదు, అంటే ఫ్లష్, గెలుపు దాదాపు ఖాయం. లేకపోతే చేతిలో ఉన్నది చెత్త. 300 పెట్టి ఆ ముక్క చూడాలా, ఫోల్డ్ చేయాలా, అంటే ముక్కలు దించేయాలా?

కనబడని ముక్కలు 46. అందులో ఇస్పేట్లు 9. అంటే 19.6 శాతం. తను 300 పెడితే కుప్ప 1,500 అవుతుంది, అందులో తన సొమ్ము సరిగ్గా 20 శాతం. గెలిచే అవకాశం 20కి పైన ఉంటే పెట్టాలి, కింద ఉంటే దించాలి. కాబట్టి అర శాతం కూడా లేని తేడాతో దించేయాలి. బల్ల నిర్వాహకుడు కుప్పలోంచి తన కోత తీసుకుంటే తేడా ఇంకాస్త పెరుగుతుంది. కథ అక్కడితో అయిపోదు. ఇస్పేటు పడ్డాక తను ఇంకో ఐదొందలు వేస్తే ఎదుటివాడు దానికీ డబ్బు పెట్టే రకమైతే, లెక్క మళ్లీ తిరగబడుతుంది. అప్పుడు పెట్టడమే మేలు. అతడు ఆ రకమా కాదా అన్నది గంట నుంచి అతడి చేతులు, మొహం, పారేసిన పేకలు గమనిస్తూ కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఇదంతా పదిహేను సెకన్లలో, రాత్రి పదకొండున్నరకి, పొద్దున్నుంచి ఫైళ్లు చూసిన బుర్రతో జరగాలి.

రమ్మీలో ఇదే పని మరో రూపంలో ఉంటుంది. పదమూడు ముక్కలు అందగానే జోకరు లేదు, ప్యూర్ సీక్వెన్స్‌కు, అంటే జోకరు వాడని వరసకు, దారి లేదు అనిపిస్తే మొదట్లోనే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు మీద పడతాయి. రెండు ముక్కలు లాగి చూసి మనసు మార్చుకుంటే మిడిల్ డ్రాప్, 40. పట్టుదలకు పోయి దొరికిపోతే ఫుల్ కౌంట్, 80. 101 పూల్‌లో, అంటే 101 పాయింట్లు చేరినవాడు బయటికి పోయే ఆటలో, వరసగా అయిదుసార్లు డ్రాప్ చేసినా 100 పాయింట్లే, మనిషి ఇంకా ఆటలోనే ఉంటాడు. ఒక్క ఫుల్ కౌంట్ తర్వాత ఒక్క డ్రాప్‌కే చోటుంటుంది. అయినా బల్ల దగ్గర డ్రాప్ చేసేవాణ్ని పిరికివాడంటారు, ఫుల్ కౌంట్ తిన్నవాణ్ని దిలాసా మనిషంటారు. ఈ పొగడ్తకు అయ్యే ఖర్చు ఎవరూ రాసుకోరు.

రాసుకోకపోవడమే అసలు జబ్బు. గెలిచిన రాత్రి అందరికీ గుర్తుంటుంది, బిర్యానీ తెప్పించిన సంగతితో సహా. ఓడిన రాత్రులు కలిసిపోయి ఒకటే మసక అవుతాయి. ఆఫీసులో రూపాయి తేడా వస్తే రాత్రి ఎనిమిది దాకా కూర్చుని వెతికే మనిషి, తన పేకాటకు చిట్టా అడిగితే "అటూ ఇటూగా సమానమేలే" అంటాడు. అటూ ఇటూ సమానం అన్నవాడు పోగొట్టుకుంటున్నాడనే అర్థం చేసుకోవాలి.

పోనీ రాశాడే అనుకుందాం. అక్కడా చిక్కుంది. నూటికి 55 సార్లు గెలిచేంత మంచి ఆటగాడొకడు నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 సార్లు, ఒకరితో ఒకరుగా ఆడాడనుకోండి. ఏడాది చివర అతడి చిట్టాలో గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ ఉండే అవకాశం ఎంతో తెలుసా? సుమారు నాలుగింట ఒక వంతు. నూటికి 45 సార్లే గెలవగల బలహీనుడి చిట్టాలో గెలుపులు ఎక్కువ కనబడే అవకాశమూ అంతే. అంటే నలుగురు సమర్థుల్లో ఒకడు తన వల్ల కాదనుకుని మానేస్తాడు, నలుగురు అసమర్థుల్లో ఒకడు మొనగాడినని నమ్మి పీఎఫ్ మీద లోను తీస్తాడు. కొంప ముంచేది ఈ రెండోవాడి నమ్మకమే. ఆటనే వృత్తి చేసుకున్నవాడు ఏడాదికి వేలసార్లు ఆడతాడు, అతడికి లెక్క త్వరగా తేలుతుంది. ఆదివారం ఆటగాడికి తన సత్తా తెలియడానికి ఏళ్లు పడుతుంది. పార్ట్‌టైం పోకర్‌లో అసలు కష్టం ఇక్కడుంది. పుస్తకాలు చదవడానికి టైం దొరకదన్నది సాకు మాత్రమే.

ఆసుల జత, అంటే పోకర్‌లో చేతికి రాగల అన్నిటికన్నా మంచి ముక్కలు, 221 పంపకాలకు ఒకసారి వస్తాయి. క్లబ్బు బల్ల మీద గంటకు పాతిక పంపకాలు జరిగితే దాదాపు తొమ్మిది గంటలకొకసారి. శనివారం రాత్రి అయిదు గంటలు కూర్చున్నవాడు వాటి మొహం చూడకుండానే ఇంటికి రావచ్చు. వచ్చినా, ఎదుటివాడి దగ్గర రాజుల జత ఉంటే నూటికి 18 సార్లు ఆసులే ఓడతాయి.

ఇలాంటి చోట ఒక పేరు తప్పక వస్తుంది: క్రిస్ మనీమేకర్. అమెరికాలోని టెనెసీలో అకౌంటెంటు. వంద డాలర్లలోపు ప్రవేశ రుసుముతో ఆన్‌లైన్‌లో ఒక టోర్నమెంటు గెలిచి, పదివేల డాలర్లు కట్టి ఆడవలసిన ప్రపంచ పోటీకి 2003లో లాస్ వెగాస్ వెళ్లాడు. 839 మందిలో మొదటివాడయ్యాడు, 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఉద్యోగం చేసుకుంటూనే ఆడొచ్చని లోకానికి చెప్పిన కథ ఇదే. ఆ ఏడాది ఓడిన 838 మందిలో ఎందరు అకౌంటెంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. సినిమాకు పనికొచ్చే కథ చిట్టాకు పనికిరాదు.

చిట్టాలో ఇంకో రెండు పద్దులు తప్పనిసరి. ఒకటి బల్ల కోత. పోకర్‌వాళ్లు దీన్ని రేక్ అంటారు. ఆరుగురు తలా పదివేలతో కూర్చున్నారు, సగటు కుప్ప 600, నిర్వాహకుడి కోత 5 శాతం, గంటకు పాతిక ఆటలు అనుకుంటే గంటకు 750 రూపాయలు బల్ల దాటిపోతాయి. అయిదు గంటల్లో 3,750. ఎవడు గెలిచినా ఓడినా అరవై వేలు 56,250 అయ్యాయి. తమ్ముడు తమ్ముడే పేకాట పేకాటే అంటారు గానీ, ఇద్దరు అన్నదమ్ముల మధ్య మూడోవాడు కూర్చున్న సంగతి సామెతలో లేదు.

రెండోది పన్ను. పేకాట గెలుపును ఆదాయపు పన్ను శాఖ లాటరీ గెలుపుతో సమానంగానే చూస్తుంది. 30 శాతం, సెస్సుతో 31.2. ఖర్చులు తీసేయడానికి లేదు, ఓడినది చూపించి జీతం మీద పన్ను తగ్గించుకోవడానికి లేదు. జూన్‌లో లక్ష గెలిచి జూలైలో లక్ష ఓడినవాడు క్యాసినో బల్ల దగ్గర సమానంగా ఉన్నట్టు, పన్ను దగ్గర 31,200 బాకీ ఉన్నట్టు. ఆన్‌లైన్ ఆటలకు 2023 నుంచి ఏడాది నికర గెలుపునే లెక్కించారు, కానీ అదే ఏడాది అక్టోబరు నుంచి ఖాతాలో వేసే సొమ్ము మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చి కూర్చుంది. ఇన్ని కోతలు దాటి మిగలాలంటే నూటికి 55 గెలిచే సత్తా కూడా చాలకపోవచ్చు.

అయినా ఒక్కమాట ఆదివారం ఆటగాడి పక్షాన చెప్పాలి. ఉద్యోగం అతడికి అడ్డం కాదు, అండ. ఇంటి అద్దె, పిల్లల ఫీజు జీతంలోంచి వెళ్లిపోతున్నాయి కాబట్టి చెత్త ముక్కలొస్తే హాయిగా దించేయగలడు. అద్దె కోసం ఆడేవాడికి ఆ వెసులుబాటు లేదు, రాని ఇస్పేటు కోసం 300 పెట్టేది వాడే. జీతం ఆటగాణ్ని కాపాడుతున్నంతవరకు బాగానే ఉంటుంది. జీతమే ఆటను పోషించడం మొదలైన నెల నుంచి పరిస్థితి తలకిందులు.

ఈ చర్చ అంతా ఇప్పుడు కొంత చరిత్రే. నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తెలంగాణ 2017లో తీసేసింది. ఆన్‌లైన్ రమ్మీలో పేరు మోసిన ఏస్2త్రీ హైదరాబాద్ కంపెనీయే, సొంత రాష్ట్రంలోనే ఆటగాళ్లకు తలుపు వేసుకోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది, 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదానికి అందులో తావే లేదు, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించేవి అన్నీ నిషిద్ధం. శిక్ష ఆడించేవాడికి, ఆడినవాడికి కాదు. వారం తిరక్కుండా పెద్ద కంపెనీలు నగదు ఆటలు ఆపేశాయి. సికింద్రాబాద్ క్లబ్బులో మొదలైన వాదన అలా పక్కకు వెళ్లిపోయింది. ఇక తెలుగువాడు చట్టబద్ధంగా పోకర్ ఆడాలంటే పణజీ వెళ్లి మాండోవి మీద తేలే క్యాసినోల్లాంటి చోట కూర్చోవాలి. ప్రయాణం, గది ఖర్చు కూడా చిట్టాలో రాస్తే ఆ సరదా విలువ వెంటనే తెలుస్తుంది.

పేక మీద ప్రేమ నిజమైనదైతే మాత్రం ఒక మంచి దారి ఉంది. డూప్లికేట్ బ్రిడ్జిలో అన్ని బల్లల మీదా అవే ముక్కలు ఆడిస్తారు. నీకు పడ్డ చేయే పక్క బల్ల మీద ఇంకొకరికీ పడుతుంది, వాళ్లకన్నా ఎంత బాగా ఆడావన్నదే మార్కు. పంపకంలోని అదృష్టం చాలావరకు పోతుంది. తన సత్తా తెలియడానికి ఆదివారం ఆటగాడు ఏళ్లు ఆగనక్కర్లేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అరవై ఏళ్ల ప్రాంతంలో బ్రిడ్జికి స్వర్ణం తెచ్చారు. పందెం లేకపోతే మజా ఏముంది అనేవాళ్లుంటారు. వాళ్లకు నచ్చింది పేక కాదు, పందెం.

ఆడేవాళ్లకు, ఆడి మానినవాళ్లకు ఒక మనవి. ఇన్నాళ్లూ పోయినది, వచ్చినది గుర్తున్నంత మేరకు ఒక కాగితం మీద రాయండి. దాన్ని ఇంట్లోవాళ్లకు చూపించలేకపోతున్నామనిపిస్తే ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416. పిలుపు ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.